కింద నుంచి చదవాల్సిన ఉత్తరాలు

మా ఊరి చౌకులో, చర్చి పక్క వసారాలో, ఒక బల్ల, ఒక టైపు మిషను, రెండు కుర్చీలు వేసుకుని ఇరవై ఎనిమిదేళ్లుగా కూర్చుంటున్నది నేనే. కసియానో తొలాబా అంటే కొందరికి తెలియకపోవచ్చు గానీ, ఉత్తరాల కసియానో అంటే ఈ ద్రాక్షతోటల లోయలో పసిపిల్లలు కూడా దారి చూపిస్తారు. నా చేత టైపు చేయించిన కాగితానికి ఆఫీసుల్లో ఉండే మర్యాదే వేరు. ఈ మాట నా అంతట నేను చెప్పుకోవడం బాగుండదు. ఇంకెవరూ చెప్పడం లేదు కాబట్టి చెప్పుకోక తప్పడం లేదు.

అయితే ఇది నా కథ కాదు. చౌకుకు అవతలి పక్క ద్రాక్ష రైతుల సహకార సంఘం ఆఫీసు ఉంది. అందులో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునే డొరిలా గరేకా కథ ఇది. నా పెద్దకూతురికి బాప్తిస్మమప్పుడు తల్లి స్థానంలో నిలబడ్డ జ్ఞానతల్లి ఆవిడే. ఆ వరసన మాకు వియ్యం కలిసినట్టే. నేను వదినగారూ అంటాను, ఆవిడ అన్నయ్యగారూ అంటుంది. కోపం వస్తే మాత్రం ఒట్టి కసియానో అంటుంది. ఈ కథలో నేను చాలాసార్లు ఒట్టి కసియానోనే.

మా బొలీవియాలో ఉత్తరం అంటే విషయం రాసి పడేసేది కాదు. ముందు పలకరింపు ఉండాలి. "అత్యంత గౌరవనీయులైన ఇంజినీరు గారికి, ఈ ఉత్తరం ద్వారా నా హృదయపూర్వక నమస్కారాలు అందజేస్తూ, తమరు నిర్వహిస్తున్న సున్నితమైన బాధ్యతలలో తమకు సర్వవిజయాలూ కలగాలని కోరుకుంటూ" అని మొదటి పేరా. ఎదుటివారి ఆరోగ్యం, కుటుంబ క్షేమం, సంస్థ అభివృద్ధి రెండో పేరా. ఆ తర్వాత "ఈ సందర్భంగా" అని మొదలుపెట్టి అసలు విషయం వైపు మెల్లగా నడవాలి. నా ఉత్తరాల్లో ఆ నడక ఇంకాస్త మెల్లగా ఉంటుంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. నా బల్ల ముందు ఎప్పుడూ నలుగురైదుగురు వరసలో ఉంటారు. తన తోట మీద వడగళ్లు పడ్డాయనో, తమ్ముడితో నీళ్ల తగాదా వచ్చిందనో వాళ్లందరి చెవులా పడేలా చెప్పుకోవడం ఎవరికి ఇష్టం? అందుకని రైతులు మర్యాద వరకే నా చేత టైపు చేయిస్తారు. ఇంటికెళ్లి సంతకం పెట్టి, సంతకం కింద పెన్నుతో అసలు విషయం రెండు ముక్కల్లో రాస్తారు. ఇది ఇక్కడి పద్ధతి. ఎవరూ నేర్పరు, అందరికీ తెలుసు.

అందరికన్నా బాగా తెలిసింది డొరిలాకి. ఇరవై నాలుగేళ్లప్పుడు ఏటి పక్క పల్లె నుంచి వచ్చి సంఘంలో ఊడ్చి, కాఫీ కాచే పనిలో చేరింది. అప్పుడు ఉత్తరాల గుమాస్తా జెనోన్ అనే ముసలాయన. ఆయనకు కళ్లలో పొరలొచ్చాయి. ఆ సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందని, రోజూ వంటగదిలోకి వచ్చి తలుపు వేసుకుని డొరిలా చేత ఉత్తరాలు చదివించుకునేవాడు. "అంతా చదవకమ్మాయ్, నా ప్రాణం పోయేలా ఉంది. ఏం కావాలంటున్నాడో అది చెప్పు" అని విసుక్కునేవాడు. అలా ఐదో తరగతి చదువుతో ఆవిడకు ఒక విద్య పట్టుబడింది. జెనోన్ రిటైరయ్యాక ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇంకెవరూ లేక ఆవిణ్నే కూర్చోబెట్టారు. నియామకపు కాగితంలో మాత్రం 'సహాయకురాలు' అని రాసింది రాసినట్టే ఉండిపోయింది.

సంఘం పెద్ద ఇంజినీరు బాల్దివియెసో ఒక చోట కూర్చునే మనిషి కాదు. పొద్దున్నే తోటల నుంచి బురద బూట్లతో వస్తాడు, నిలబడే కాఫీ తాగుతాడు. ఆ కప్పు ఖాళీ అయ్యేలోపల ఆ రోజు ఉత్తరాలన్నీ అయిపోవాలి. "ఎవరు? ఏం కావాలంట? ఎప్పటికంట?" ఒక్కో ఉత్తరానికీ ఈ మూడే అడుగుతాడు. డొరిలా కాగితం తిప్పి, అడుగున చూసి, ఒక్క గుక్కలో చెప్పేస్తుంది. నా మూడు పేరాలను ఆవిడ ఒక్క ఉత్తరంలోనైనా పైనుంచి చదవగా నేను చూడలేదు.

"కనీసం ఒక్కసారి పైనుంచి చదవండి వదినగారూ, నా చేతివేళ్లు అరిగిపోతున్నాయి" అనేవాణ్ని.

"మీ ఉత్తరం కింద నుంచి చదవాలి అన్నయ్యగారూ. పైనుంచి చదివితే పుణ్యం వస్తుంది గానీ పని కాదు" అనేది.

అక్టోబరులో పాలకవర్గం ఒక తీర్మానం చేసింది. ఇక కిటికీ దగ్గర కాగితాలు తీసుకోరు. అన్నీ మెయిల్‌లోనే రావాలి. వచ్చిన ప్రతి కాగితాన్నీ ఒక సాఫ్ట్‌వేర్ తనంత తానే చదివి, సారాంశం తీసి, ఇంజినీరుకు మెయిల్ చేయాలి. ఆ సాఫ్ట్‌వేర్‌ను నడపగలనని పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లే ఉత్తరాల కుర్చీలో కూర్చోవాలి. పరీక్ష జనవరి ఆఖరి శనివారం, తరిహా నగరంలో. తప్పితే మళ్లీ ఏడాదికి గానీ రాదు. డొరిలా తప్పితే సీసాలు కడిగే షెడ్డుకు వెళ్లాలి. కాగితం మీద ఆవిడ ఇంకా సహాయకురాలే కదా, ఎక్కడికి పంపినా అడిగేవాడు లేడు.

"యాభై రెండేళ్లొచ్చాయి, ఇప్పుడు నాకు పరీక్షేంటి అన్నయ్యగారూ?" అని వచ్చి నా రెండో కుర్చీలో కూలబడింది.

"రాయకండి. సీసాలు చక్కగా మెరుస్తాయి" అన్నాను.

ఒక చూపు చూసింది. లేచి వెళ్లి, వీధి చివర కొట్లో ద్రాక్షగుత్తి బొమ్మ ఉన్న నోటుపుస్తకం కొనుక్కొచ్చింది. ఆవిడకు పౌరుషం తెప్పించాలంటే అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

చదువు మధ్యాహ్నం నిద్రవేళ సాగేది. పన్నెండున్నర నుంచి మూడింటి దాకా మా ఊళ్లో కుక్క కూడా మొరగదు. సంఘం తలుపులు వేస్తారు గానీ, అక్కడి వైఫై మాత్రం చౌకు దాటి నా వసారా దాకా వస్తుంది. డొరిలా ల్యాప్‌టాప్ తెచ్చుకుని నా బల్ల మీద పెట్టుకునేది. నేను కునికిపాట్లు పడుతూ ఆవిడ పాఠాలు వింటూ ఉండేవాణ్ని. అందువల్ల నాకూ కొంత అంటింది.

అది ఒక గొలుసు. తెర మీద డబ్బాలు వరసగా ఉంటాయి, ఒకదానికొకటి గీతతో కలిపి ఉంటాయి. మెయిల్ రాగానే మొదటి డబ్బా మేలుకుంటుంది. రెండోది అందులోని కాగితాన్ని బయటికి తీస్తుంది. మూడోది ఫొటోలోని అక్షరాలు చదువుతుంది, ఎందుకంటే మా రైతులు నా ఉత్తరాన్ని ఫోనుతో ఫొటో తీసి పంపుతారు. నాలుగోది సారాంశం రాస్తుంది. దానికి ఎలా రాయాలో మనం మాటల్లో చెప్పాలి. ఐదోది ఆ సారాంశాన్ని పెద్దాయనకు మెయిల్ చేస్తుంది. మధ్యలో మనిషి చెయ్యి పడకూడదు.

"ఇంట్లో పిల్లలకి పని చెప్పినట్టే ఉంది. ఒక్క ముక్క వదిలేస్తే ఆ ముక్కే చెయ్యరు" అంది డొరిలా.

డిసెంబరు మొదట్లో గొలుసు తయారైంది. నాలుగో డబ్బాకు 'ఈ ఉత్తరానికి సారాంశం ఒక్క వాక్యంలో రాయి' అని చెప్పింది. శుక్రవారం సాయంత్రం నడిపించి, దేవుడికి దండం పెట్టుకుని ఇంటికెళ్లింది.

సోమవారం పొద్దున ఇంజినీరు కాఫీ కూడా అడక్కుండా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"డొరిలమ్మా, ఈ లోయలో నన్నింతమంది ప్రేమిస్తున్నారని ఇన్నాళ్లూ తెలీలేదు సుమా. ముప్పై ఏడు మెయిళ్లొచ్చాయి. ముప్పై ఏడు మందీ నమస్కారాలు చెప్పారు. ముప్పై ఏడు మందీ నా సున్నితమైన బాధ్యతల్లో విజయం కలగాలన్నారు. ఒక్కడికీ ఏ అవసరమూ లేదంట. సంఘం మూసేసి ఇళ్లకి పోదామా?"

అంతలోనే ఫిదేలియా కస్త్రియో అనే తోటావిడ టోపీ చేత్తో పట్టుకుని, ఆయాసపడుతూ లోపలికి వచ్చింది.

"ఏమయ్యా ఇంజినీరూ! పందిరి కూలిపోయింది, గుత్తులన్నీ మట్టిలో పడున్నాయి, నలుగురు మనుషుల్ని పంపించు మొర్రో అని రాస్తే, 'మీ శుభాకాంక్షలకు ధన్యవాదాలు, మీకూ అలాగే' అని రాస్తావా? నాకెందుకయ్యా అలాగే? ఆ అలాగే తెచ్చి పందిరికి గుంజలెయ్యనా?"

పందిరి కూలిన సంగతి ఆవిడ సంతకం కిందే ఉంది, పెన్నుతో, గీత గీసి మరీ. మిషనుకు నా మొదటి పేరా బాగా నచ్చింది, అక్కడే ఆగిపోయింది. గంటలో నలుగురు మనుషులు వెళ్లారు, పందిరి నిలబడింది. డొరిలా మిగతా ముప్పై ఆరు ఉత్తరాలూ తనే కూర్చుని చదివి ఇంజినీరుకు చెప్పింది. అది అయ్యాక చౌకు దాటి సరాసరి నా దగ్గరికి వచ్చింది.

"కసియానో!"

ఒట్టి కసియానో. నేను కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాను.

"నీ సున్నితమైన బాధ్యతలు మండిపోను! నా కుర్చీ కిందికి నీళ్లు తెచ్చావు గదా! ఎవడికి కావాలి ఇంత మర్యాద?"

"మర్యాద లేని ఉత్తరం నా మిషను మీద పుట్టదు" అన్నాను. నాకూ రోషం వచ్చింది. "నా ఇరవై ఎనిమిదేళ్ల పనిని 'నమస్కారాలు చెప్పాడు' అని ఒక్క ముక్కలో తేల్చేసింది మీ మిషను. ముందు దానికి బుద్ధి చెప్పండి. నాకు కాదు."

రెండు రోజులు మాటల్లేవు. మధ్యాహ్నం ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నాకు కునుకు కూడా పట్టలేదు. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. ఆవిడ షెడ్డుకు వెళ్లాల్సి వస్తే అందులో నా చెయ్యి కూడా ఉంటుంది కదా అనిపించింది. మూడో రోజు నేనే, లోపల మాంసం పులుసు నింపి కజ్జికాయల్లా కాల్చే సల్తేన్యాలు నాలుగు కట్టించుకుని వెళ్లాను. పొద్దున పదిన్నరకు వేడి వేడి సల్తేన్యా చేతిలో పెడితే మా ఊళ్లో ఎవరూ తగువు కొనసాగించలేరు. లోపలి పులుసు కారిపోకుండా తినాలంటే నోరు మూసుకునే తినాలి.

"సరే, దానికి బుద్ధి చెప్తాను. మీరు సాయం చెయ్యాలి" అంది మూతి తుడుచుకుంటూ.

నాలుగో డబ్బాకు కొత్త మాట చెప్పింది. 'మొదటి రెండు పేరాలు వదిలెయ్యి. ఉత్తరం చివరికి వెళ్లు. సంతకం కింద ఏముందో అది చెప్పు.' తను ఇన్నేళ్లుగా చేస్తున్నదే దానికీ నేర్పింది. నా పని దాన్ని పరీక్షించడం. ఒక నెల పాటు రోజుకు రెండు దొంగ ఉత్తరాలు టైపు చేసి, ఎడమచేత్తో కింద ఏదో ఒకటి గిలికి పంపేవాణ్ని. 'మా గాడిద మీ ఆఫీసు గుమ్మం ముందు పడుకుంది, తోలండి' అని రాశాను. వచ్చింది. 'మీ కాఫీ ఈమధ్య నీళ్లలా ఉంటోంది' అని రాశాను. అదీ వచ్చింది, సరాసరి ఇంజినీరుకే. జనవరి వచ్చేసరికి ఒక్కటీ తప్పలేదు. రైతుల ఉత్తరాలన్నీ చక్కగా సాగిపోతున్నాయి. ఇంజినీరు బురద బూట్లతో తోటలోనే నిలబడి ఫోనులో చూసుకుంటున్నాడు.

పరీక్షనాడు ఆవిడతో పాటు నేనూ తరిహా వెళ్లాను. వసారాలో ఎవరైనా అడిగితే సిరా రిబ్బను కొనాలని చెప్పాను. మినీ బస్సులో దారి పొడవునా ఆవిడ నోటుపుస్తకం తెరవలేదు, మూయలేదు, ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

"ఏమైనా తినండి" అన్నాను.

"దిగదు అన్నయ్యగారూ. ఆ షెడ్డులో చలికాలం నీళ్లెలా ఉంటాయో తెలుసా మీకు? నేను చేరిన కొత్తలో ఒక నెల చేశాను. వేళ్లు నావి కావనిపించేది."

అంతకుముందు ఎప్పుడూ ఆ మాట అనలేదు. నేను ఏదో చమత్కారం ఆడబోయి ఆపేశాను.

పరీక్ష రెండు గంటలు. ప్రశ్నలకు నలభై మార్కులు, గొలుసు కట్టి నడిపించడానికి అరవై. మొత్తం డెబ్బై రావాలి. లోపల ఏం జరిగిందో ఆవిడ తర్వాత చెప్పింది, నేను ఇప్పటికి ఒక పదిసార్లు విన్నాను. అందుకని చూసినట్టే చెప్పగలను.

ప్రశ్నలు గంట తిరక్కుండానే రాసేసింది. గొలుసు కట్టడం అరగంట. ఆవిడ చేతులు దానికి అలవాటు పడిపోయాయి. నాలుగో డబ్బాలో మన పాత మాటే పెట్టింది: పైది వదిలెయ్యి, కిందికి వెళ్లు, సంతకం కింద చూడు. నడిపి చూసుకోవడానికి ఐదు నమూనా కాగితాలు ఇచ్చారు. అవన్నీ ఎక్కడో పెద్ద పట్నాల కంపెనీల ఉత్తరాలు. మీట నొక్కింది.

మొదటి సారాంశం వచ్చింది: 'ఈ మెయిల్‌ను ముద్రించే ముందు చెట్ల గురించి ఆలోచించండి.' రెండోది: 'ఇది పొరపాటున మీకు చేరి ఉంటే చెరిపివేయండి.' మూడోది మళ్లీ చెట్లు. నాలుగోది ఒక ఫోను నంబరు. ఐదోది కూడా చెట్లే.

ఆ కంపెనీలవాళ్లు పలకరింపు లేకుండా మొదటి వాక్యంలోనే విషయం చెప్పేస్తారు. 'సోమవారానికల్లా ఇరవై కుర్చీలు పంపండి', అంతే. కింద మిగిలేది చెట్ల మీద జాలి. అలా రాసే మనుషులు ఉంటారని మా ఇద్దరికీ తోచనే లేదు. నెల రోజులు నేను నా ఉత్తరాలతోనే ఆవిణ్ని తయారుచేశాను. లోకంలో ఉత్తరాలన్నీ నావే అన్నట్టు.

ఇరవై ఐదు నిమిషాలు మిగిలాయి. డొరిలాకు కళ్ల ముందు సీసాలు కనపడ్డాయట, వరసగా. మొదట 'పైనుంచి చదువు' అని మార్చబోయింది. ఆగింది. అప్పుడు పరీక్షకు పనికొస్తుంది గానీ, సోమవారం మళ్లీ ఫిదేలియా పందిరి కూలుతుంది. చెయ్యెత్తి, కాపలాగా ఉన్న అమ్మాయిని అడిగింది.

"అమ్మాయ్, కాసిని కాఫీ దొరుకుతుందా?"

"ఇప్పుడా అమ్మగారూ? టైమైపోతోందండీ."

"తాగడానికి కాదులే. పక్కన ఉంటే చాలు."

ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు, అయినా తన కప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది. డొరిలా ఆ కప్పు వైపు చూస్తూ కూర్చుంది. ఆవిరి లేస్తోంది. ఇంజినీరు పక్కన నిలబడి ఉన్నట్టే ఉంది. ఎవరు? ఏం కావాలంట? ఎప్పటికంట?

నాలుగో డబ్బాలో ఉన్నదంతా చెరిపేసింది. కొత్తగా ఇలా రాసింది: 'ఉత్తరం మొత్తం చదువు. పైన ఉన్నా, కింద ఉన్నా, చేత్తో రాసినా సరే. మూడే చెప్పు. రాసింది ఎవరు? ఏం కావాలి? ఎప్పటికి? ఏమీ అడగకపోతే ఏమీ అడగలేదని చెప్పు. లేనిది కల్పించకు.' మళ్లీ నడిపింది. ఇరవై కుర్చీలు వచ్చాయి, సోమవారం వచ్చింది. చెట్లు పోయాయి. ఆరు నిమిషాలు ఉండగా చేతులు ఒళ్లో పెట్టుకుని, 'ఇక మీ ఇష్టం' అందట. పరీక్షవాళ్లు తమ కొత్త కాగితాలు ఐదూ అందులోకి వదిలారు.

ఎదుటి పార్కు బెంచీ మీద నేను సల్తేన్యాల పొట్లం పట్టుకుని కూర్చున్నాను. రెండూ చల్లారిపోయాయి. ఆవిడ బయటికి వచ్చి, రోడ్డు దాటి, పక్కన కూర్చుంది. ఒకటి తీసుకుని కొరికింది. పులుసు కొత్త బ్లౌజు మీద కారింది. తుడుచుకోలేదు.

"పోతే పోయింది వదినగారూ, ఆ షెడ్డు వాళ్లతో నేను మాట్లాడతాను, వేడినీళ్లు..."

"ఎనభై ఎనిమిది" అంది నోటినిండా పెట్టుకుని.

"ఏంటి?"

"ఎనభై ఎనిమిదొచ్చాయి కసియానో! వేడినీళ్లంట వేడినీళ్లు! నీకు కావాలంటే నువ్వు పోసుకో!" అని నా భుజం మీద ఒక్కటి చరిచింది. ఆ బెంచీ మీద మేమిద్దరం నవ్విన నవ్వుకు పావురాలు లేచిపోయాయి. ఆ తర్వాత ఆవిడ ఏడ్చింది కూడా, కాసేపే. సిరా రిబ్బను కొనడం మరిచిపోయాను.

మా దేశంలో చదువు పేరుకు ముందు నడుస్తుంది. ఇంజినీరును ఇంజినీరూ అంటారు, లాయరును డాక్టరూ అంటారు, ఏ డిగ్రీ ఉన్నా దాంతోనే పిలుస్తారు. ఆ ఆఫీసులో ఏ బిరుదూ లేకుండా తిరిగింది డొరిలా ఒక్కతే. కోతలు మొదలయ్యే వారం ఇంజినీరు ఆవిడ బల్ల మీద ఒక చెక్క పలక పెట్టించాడు: 'డొరిలా గరేకా, ఉత్తరాల విభాగం అధికారిణి.' వచ్చేవాళ్లకు కనపడేలా పెట్టాలి కదా, ఆవిడ మాత్రం మొదటి నాలుగు రోజులు తనవైపు తిప్పి పెట్టుకుంది. ఎవరైనా అడిగితే గాలికి తిరిగిందనేది.

ఆ పలక చూశాక నాకు ఒక సంగతి తట్టింది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ సంఘానికి కొన్ని వేల ఉత్తరాలు టైపు చేశాను. ఒక్కొక్కటీ ఇంజినీరు గారికే, లేదా అధ్యక్షుల వారికే. చదివింది మాత్రం ప్రతిసారీ డొరిలా. ఆవిడ పేరు మీద ఒక్క ఉత్తరం కూడా ఆ కిటికీలోకి వెళ్లలేదు. నేను రాయలేదు, ఎవరూ నా చేత రాయించలేదు. నాకు సిగ్గేసింది. ఊరికే అనడం కాదు, చెవులు వేడెక్కాయి.

మంగళవారం పొద్దున వరసలో ఉన్నవాళ్లను కాసేపు ఆగమన్నాను. కొత్త రిబ్బను ఎక్కించాను. 'అత్యంత గౌరవనీయురాలైన శ్రీమతి డొరిలా గరేకా గారికి, ఉత్తరాల విభాగం అధికారిణి' అని మొదలుపెట్టాను. నా చేతిలో ఉన్న మర్యాదంతా పెట్టాను. మూడు పేజీలు వచ్చింది. జెనోన్ ముసలాయన వంటగది గురించి రాశాను, ఆవిడ ఒక్క గుక్కలో చెప్పే పద్ధతి గురించి రాశాను, ఆ బెంచీ మీది ఎనభై ఎనిమిది గురించి రాశాను. సున్నితమైన బాధ్యతల్లో సర్వవిజయాలూ కోరాను, ఈసారి ప్రతి మాటా ఆలోచించి. సంతకం పెట్టాను. వరసలో ముందున్న ఆవిడ ఫోనుతో ఫొటోలు తీసి సంఘానికి మెయిల్ చేసిపెట్టింది. అదీ అందరిలాగే గొలుసులో పడిపోయింది, అందరిలాగే సారాంశం ఇంజినీరుకు వెళ్లింది.

మధ్యాహ్నం ఊరంతా పడుకున్నాక డొరిలా చౌకు దాటి వచ్చింది. చేతిలో రెండు కాగితాలు: ఒకటి నా ఉత్తరం, అచ్చు తీయించింది, రెండోది గొలుసు రాసిన సారాంశం, ఇంజినీరు ఆవిడకు తిప్పి పంపినది. నా రెండో కుర్చీలో కూర్చుని పైకి చదివింది.

"రాసింది: కసియానో తొలాబా, టైపు పనివారు. కావలసింది: ఏమీ అడగలేదు, నమస్కారాలు చెప్పారు. ఎప్పటికి: గడువు లేదు."

కాగితం మీది నుంచి తలెత్తింది.

"మిషను మళ్లీ నమస్కారాల దగ్గరే ఆగిపోయిందేమోనని భయమేసింది అన్నయ్యగారూ. అందుకే అచ్చు తీసి చూశాను. సంతకం కింద ఏమీ రాయలేదేంటి?"

"అక్కడ రాయడానికేమీ లేదు వదినగారూ. ఈసారి అది సరిగ్గానే చదివింది."

ఆవిడ సారాంశం కాగితాన్ని నా బల్ల మీదే వదిలేసింది. మూడు పేజీల ఉత్తరాన్ని తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, 'అత్యంత గౌరవనీయురాలైన' దగ్గర నుంచి మొదలుపెట్టి, మెల్లగా, ఒక్క ముక్క కూడా వదలకుండా, కిందివరకు చదివింది.